పాత జీపుకు కొత్త ఇంజిన్: బలం ఎక్కడ పెరుగుతుంది, భారం ఎక్కడ పడుతుంది

సంక్షిప్తంగా: పాత జీపు కొండ ఎక్కడానికి కావాల్సిన బలం చాలావరకు దాని గేర్లలోనే ఉంది. కొత్త ఇంజిన్ తేడా బాగా తెలిసేది హైవే మీద. ఇంజిన్ బలం పెంచితే ఆ భారం క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కు బలం చేర్చే కడ్డీ), యాక్సిల్, బ్రేకుల మీద వరసగా పడుతుంది. సీమ ఎండ, బోరు నీళ్లు, రాతి దుమ్ము పనిని ఇంకా కష్టం చేస్తాయి. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఆర్‌సీ సంగతి. 2019 నుంచి ఇంజిన్ మార్పిడి మీద చట్టం బాగా గట్టిపడింది.

ఒకప్పుడు పల్లె నుంచి టౌనుకు మనుషుల్నీ, మూటల్నీ, మేకపిల్లల్నీ ఒకే బండిలో కుక్కుకుని తిప్పిన సర్వీసు జీపులు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. కొన్ని చింతచెట్టు కింద టైర్లు దిగి నిలబడ్డాయి. కొన్నిటిని కుర్రాళ్లు కొని, రంగు వేయించి, పెద్ద టైర్లు ఎక్కించి మళ్లీ రోడ్డెక్కిస్తున్నారు. రంగు, టైర్లు అయ్యాక మెకానిక్ షెడ్డులో వచ్చే తర్వాతి మాట దాదాపు ఒకటే: "దీంట్లో పికప్పు లేదన్నా, ఇంజిన్ మార్సేద్దాం."

ఆ మాట మీదే ఇప్పుడు గందరగోళం ఎక్కువ. ఏ ఇంజిన్ పడుతుంది, ఏ గేర్‌బాక్స్ సరిపోతుంది అన్న దగ్గర మొదలై, అసలు ఇది చట్టప్రకారం కుదురుతుందా అన్న దాకా ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. సాంకేతిక విషయాన్నీ చట్టం విషయాన్నీ కలిపి చూస్తేనే బొమ్మ స్పష్టమవుతుంది.

## బానెట్ కింద ఉన్నది ఏమిటి

మనం జీపు అని పిలిచే బండి మూలం అమెరికా విల్లీస్ కంపెనీది. 1940ల చివర్లో మహీంద్రా ఆ బండ్లను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. బాగా పాతుకుపోయిన మోడల్ సీజే-3బీ. దాని బానెట్ ఎత్తుగా ఉండటానికి ఒక కారణం ఉంది. అంతకుముందు జీపు ఇంజిన్లలో రెండు వాల్వులూ బ్లాక్‌లోనే ఉండేవి. హరికేన్ అనే కొత్త ఇంజిన్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వును పైన హెడ్‌లోకి మార్చి, పొగ బయటికి పోయే వాల్వును బ్లాక్‌లో ఉంచేశారు. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది. బానెట్ కూడా దానితోపాటు పైకి లేచింది. ఈ 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ సుమారు 75 హార్స్‌పవర్, 155 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది.

1970ల్లో పెట్రోల్ ధర మండిపోయాక డీజిల్ వైపు చూపు మళ్లింది. మొదట ట్రాక్టర్ వంశానికి చెందిన డీజిల్ ఇంజిన్లు జీపుల్లోకి వచ్చాయి. తర్వాత ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో లైసెన్సుతో తయారైన ఎక్స్‌డీపీ 4.90 వచ్చింది. ఎంఎం 540 అనే మహీంద్రా జీపులో ఉన్నది ఇదే. ఆ పేరులో గుట్టేమీ లేదు. 4 సిలిండర్లు, ఒక్కోదాని బోరు, అంటే లోపలి వ్యాసం, 90 మిల్లీమీటర్లు. మొత్తం 2,112 సీసీ, సుమారు 62 హార్స్‌పవర్, 120 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్. ఆ తర్వాత 2.5 లీటర్ల డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్లు వచ్చాయి. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌లో ఈ డీఐతో పాటు, కంప్యూటర్ నడిపే కామన్ రైల్ డీజిల్ సీఆర్‌డీఈ కూడా ఉండేది. డీఐ ఇంజిన్‌కు 63 హార్స్‌పవర్, 180 న్యూటన్ మీటర్ల పైచిలుకు. సీఆర్‌డీఈకి 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్లు.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటుంది. 1950ల నాటి హరికేన్ కంటే 2010 నాటి డీఐ ఇంజిన్ హార్స్‌పవర్ తక్కువ. టార్క్ మాత్రం ఎక్కువ, అదీ 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే దొరుకుతుంది. "బలం" అనే ఒక్క మాటతో ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలా తప్పు కొనుగోళ్లు జరుగుతాయి. హార్స్‌పవర్ అంటే ఎంత వేగంగా పని చేయగలదన్నది. టార్క్ అంటే ఎంత గట్టిగా తిప్పగలదన్నది. ఆ తిప్పుడును ఎన్ని రెట్లు పెంచి చక్రానికి అందించాలన్నది గేర్ల పని.

## కొండ మీద అడ్డుపడేది ఇంజిన్ కాదు

సీజే-3బీ లోని మూడు గేర్ల టీ-90 బాక్సులో మొదటి గేర్ నిష్పత్తి సుమారు 2.8. ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేర్ 2.46. యాక్సిల్‌లో క్రౌన్, పినియన్ అనే గేర్ల జంట నిష్పత్తి 5.38. ఈ మూడూ గుణిస్తే 37 వస్తుంది. అంటే ఇంజిన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. తిప్పే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. 155 ను 37 తో గుణిస్తే 5,700 న్యూటన్ మీటర్ల పైనే. గేర్ల రాపిడిలో పదిహేను శాతం పోయిందనుకున్నా 4,800 మిగులుతుంది.

ఇప్పుడు నేల వైపు నుంచి చూద్దాం. మనుషులతో, సామానుతో కలిపి బండి బరువు 1,500 కిలోలు అనుకుంటే, పొడి బండరాయి మీద టైరు పట్టు మహా అయితే ఆ బరువులో 80 శాతం. అంటే 1,200 కిలోల లాగుడు. పాత సైజు టైరు సగం వ్యాసం 36 సెంటీమీటర్లు. ఆ లెక్కన నాలుగు చక్రాలూ కలిసి నేలకు అప్పజెప్పగలిగింది 4,200 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి తిప్పితే టైరు జారుతుంది.

గుత్తి కోట కొండ వైపు గులకరాళ్ల బాట మీదనో, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి ముక్కలు పరుచుకున్న దారి మీదనో పట్టు ఇందులో సగమే ఉంటుంది. అక్కడ 2,000 చిల్లర దగ్గరే చక్రం గిర్రున తిరిగిపోతుంది. అంటే డెబ్బై ఏళ్ల నాటి పెట్రోల్ ఇంజిన్ కూడా లో గేర్‌లో నేల భరించగలిగే దానికంటే ఎక్కువే ఇస్తోంది. అక్కడ 247 న్యూటన్ మీటర్ల కొత్త ఇంజిన్ వేస్తే పెరిగేది టైరు జారుడే.

మరి జీపు కొండ మీద ఎందుకు ఆగిపోతుంది? చాలాసార్లు ఒక చక్రం గాల్లోకి లేచి ఉంటుంది. యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్ అటూ ఇటూ ఉన్న రెండు చక్రాలకూ సమానంగానే టార్క్ పంచుతుంది. గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి ఏ కొంచెం చాలో, నేల మీద ఉన్న చక్రానికీ అంతే అందుతుంది. డిఫరెన్షియల్ లాక్ వేసినప్పుడు మాత్రం రెండు చక్రాలూ ఒకే ఇరుసులా తిరుగుతాయి. కాబట్టి గుట్టలెక్కడమే కోరికైతే, ఇంజిన్ మీద పెట్టే డబ్బులో కొంత భాగంతో వెనక యాక్సిల్‌కు ఈ లాక్ (లాకర్) వేయించుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది.

పాత పెట్రోల్ బండికి ఇంకో నిజమైన ఇబ్బంది ఉంది. బండి బాగా వాలినప్పుడు కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఒక పక్కకు చేరుతుంది. ఫ్లోట్ మోసపోతుంది. ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువైపోవడమో, అందకపోవడమో జరిగి చటుక్కున ఆగిపోతుంది. డీజిల్‌కు గానీ, ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ ఇంజిన్‌కు గానీ ఈ బాధ లేదు. మారుతి జిప్సీ కూడా కార్బురేటర్ నుంచి ఎంపీఎఫ్ఐ అనే ఇంజెక్షన్ పద్ధతికి మారాకే 80 హార్స్‌పవర్‌కు చేరింది.

ఇసుక దగ్గర మాత్రం ఈ లెక్క కొంచెం తప్పుతుంది. పెన్నా, చిత్రావతి ఇసుకలో చక్రం కూరుకుపోకుండా ఉండాలంటే ఊపు తగ్గకూడదు. రెండు, మూడు గేర్లలో ఆ ఊపు నిలబెట్టడానికి నిజంగానే హార్స్‌పవర్ కావాలి. అయితే అక్కడా ముందు చేయాల్సింది టైర్లలో గాలి తగ్గించడం. దానికి పైసా ఖర్చు లేదు.

## 44వ నంబరు హైవే మీద సంగతి వేరు

కర్నూలు నుంచి అనంతపురం దాదాపు 150 కిలోమీటర్లు. పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే పాత జీపు అరుస్తూ 60 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ యజమాని పడే చిరాకు నిజమైనదే. కారణం మాత్రం రెండు ముక్కలుగా చూడాలి.

మొదటిది గేరు. టాప్ గేర్‌లో ఇంజిన్ వేగమూ గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే వేగమూ ఒకటే. యాక్సిల్ 5.38. టైరు ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు ముందుకెళ్తుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ 2,450 ఆర్‌పీఎం తిరుగుతుంది. 80 దగ్గర 3,260. ట్రాక్టర్ తరహా డీజిల్‌కు అది దాదాపు చివరి మెట్టు. ఆ అరుపు, ఆ వణుకు అక్కడి నుంచి వస్తున్నవే.

రెండోది గాలి. డబ్బా ఆకారంలో ఉన్న బండి గాలిని చీల్చడానికి పెట్టాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే గాలి కోసం పెట్టే శక్తి దాదాపు రెట్టింపు. వేగం పెరిగింది పావు వంతే.

ఈ రెండిట్లో మొదటిదాన్ని ఇంజిన్ ముట్టుకోకుండానే సరిచేయవచ్చు. ఐదు గేర్ల బాక్సు వేసి, అందులో ఐదో గేర్ నిష్పత్తి 0.83 అనుకుంటే, 80 దగ్గర ఇంజిన్ 2,700కు దిగుతుంది. అలాంటి బాక్సుల్లో మొదటి గేర్ కూడా పాత మూడు గేర్ల దానికంటే లోతుగా ఉంటుంది కాబట్టి కొండ మీద నడక చెడదు, ఇంకా మెరుగవుతుంది. ఇంకో దారి యాక్సిల్‌లో క్రౌన్, పినియన్ మార్చడం. 5.38 తీసి 4.27 వేస్తే 80 దగ్గర 2,590 ఆర్‌పీఎం చాలు. కానీ 37 కాస్తా 29కి పడిపోతుంది. లో గేర్‌లో క్లచ్ తొక్కకుండా, ఐడ్లింగ్ మీద రాళ్ల మధ్య గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో పాకే గుణం కొంత పోతుంది. పైగా ముందు, వెనక యాక్సిళ్లు రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేసి ఫోర్ వీల్ వేస్తే గేర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని ఏదో ఒకటి విరుగుతుంది.

పెద్ద టైర్లు వేసినవారు తమకు తెలియకుండానే ఈ మార్పు కొంత చేసేసి ఉంటారు. 28.5 అంగుళాల టైరు తీసి 31 వేస్తే 5.38 యాక్సిల్ 4.95 లాగా పనిచేస్తుంది. "టైర్లు మార్చాక పికప్పు పోయింది" అన్న ఫిర్యాదుకు అసలు కారణం ఇదే. ఇంజిన్‌లో బలం ఏమీ తగ్గలేదు.

ఇవన్నీ చూశాక కూడా హైవే మీద తొంభైకి పైగా నిలకడగా పోవాలి, ఎక్కుడు వచ్చినా తగ్గకూడదు అనుకుంటే, అప్పుడు పెద్ద ఇంజిన్ కావాలన్న మాటలో న్యాయం ఉంది.

## కలిపే చోటే కష్టం

ఇంజిన్ వెనక, క్లచ్‌ను కప్పుతూ గేర్‌బాక్స్‌తో కలిపే బెల్ హౌసింగ్ ఉంటుంది. కొత్త ఇంజిన్ బోల్టు రంధ్రాలు పాత హౌసింగ్‌కు కలవవు. మధ్యలో ఒక మందపాటి ఇనుప పలక, అంటే అడాప్టర్ ప్లేటు, లేత్ మీద చేయించి బిగిస్తారు. చూడటానికి సాదాసీదా పలక. మొత్తం పనిలో అతి సున్నితమైన భాగం మాత్రం అదే. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మొన, ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం (ఫ్లైవీల్) మధ్యలో ఉన్న చిన్న స్పిగాట్ బేరింగ్‌లో కూర్చుంటుంది. రెండింటి కేంద్రాలు వెంట్రుక మందం తేడా వచ్చినా షాఫ్ట్ ప్రతి చుట్టుకూ వంగుతూ తిరుగుతుంది. బండి మొదటి రోజు బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు క్లచ్ నొక్కినప్పుడు సన్నగా కీచుమంటుంది. తర్వాత గేరు పడటం కష్టమవుతుంది. చివరికి బాక్సు విప్పితే ముందు బేరింగ్ అరిగి, ఆయిల్‌లో వెండి రంగు పొడి తేలుతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి, సన్నటి తేడాను ముల్లుతో చూపే డయల్ గేజ్ చాలు. గేజ్‌ను ఫ్లైవీల్‌కు బిగించి, దాని మొనను హౌసింగ్ రంధ్రం అంచుకు ఆనించి, ఇంజిన్‌ను చేత్తో ఒక్క చుట్టు తిప్పితే ముల్లు ఎంత కదిలిందో అంతలో సగం కేంద్రం తప్పినట్టు. పది నిమిషాల పని. లక్షలు పెట్టి ఇంజిన్ తెచ్చి ఈ పది నిమిషాల దగ్గర తొందరపడటమంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

గేర్‌బాక్స్ మార్చినప్పుడు ఇంకో చిక్కు. పాత జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్ వీపుకే నేరుగా అతుక్కుని ఉంటుంది. బాక్సు పొడవు పెరిగితే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది. సీజే-3బీ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలే పొట్టిది. ఉదాహరణకు 20 అంగుళాల షాఫ్ట్ 4 అంగుళాల కిందికి వాలి ఉంటే కోణం 11 డిగ్రీలు. ట్రాన్స్‌ఫర్ కేసు 4 అంగుళాలు వెనక్కి జరిగి షాఫ్ట్ 16 అంగుళాలకు కుదించుకుపోతే కోణం 14 డిగ్రీలు. దానికి తోడు బండి ఎత్తు పెంచడానికి స్ప్రింగు కట్టలు లేపితే ఇంకా ఎక్కువ. కోణం పెరిగిన కొద్దీ షాఫ్ట్ చివర కీలులా పనిచేసే క్రాస్ మీద ఒత్తిడి, వణుకు పెరుగుతాయి. బండి 50 దాటగానే ఫ్లోర్ జలదరించడం ఇలాంటి బండ్లలో తరచూ కనిపించే లక్షణం. ఎంఎం 540 లాంటి కొంచెం పొడవు బండ్లు ఈ మార్పులను మరింత సులువుగా ఓర్చుకుంటాయి.

చివరి మజిలీ యాక్సిల్. పాత విల్లీస్ రకం వెనక యాక్సిల్ షాఫ్ట్ చివర సన్నగా టేపర్ తీసి, ఒక కీ పెట్టి, దాని మీద హబ్‌ను నట్టుతో బిగిస్తారు. ఆ కీ కోసం చెక్కిన గాడి దగ్గరే లోహం బలహీనపడుతుంది. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని కదలనప్పుడు, డ్రైవరు యాక్సిలేటర్ తొక్కితే టైరు జారే వీలుండదు. బలమంతా ఆ గాడి మీదికి వస్తుంది. పాత ఇంజిన్ అలాంటప్పుడు ఆగిపోయేది. కొత్త ఇంజిన్ ఆగదు, షాఫ్ట్‌ను తుంచుతుంది. లాకర్ వేసిన బండిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎందుకంటే నేల మీద ఉన్న ఒక్క చక్రానికే మొత్తం బలం పోవచ్చు. ఇంజిన్ మార్చేముందు ఈ షాఫ్టులు విప్పి, గాడి దగ్గర పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడటం కనీస జాగ్రత్త.

## ఎండ, బోరు నీళ్లు, దుమ్ము

ఊటీలోనో, కూర్గ్‌లోనో బాగా నడిచిన మార్పు ఇక్కడ అలాగే నడుస్తుందని చెప్పలేం. రేడియేటర్ వేడిని వదలడం దాని నీటి వేడికీ బయటి గాలి వేడికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. నీళ్లు 95 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు అయితే తేడా 65. మే నెలలో కర్నూలు గాలి 44 డిగ్రీలైతే తేడా 51. అదే రేడియేటర్ అదే గాలి వేగంతో ఐదో వంతుకు పైగా తక్కువ పని చేస్తుంది. పైగా రాళ్ల దారిలో నడక వేగంతో పోతున్నప్పుడు ఎదురు గాలి ఉండదు. భారమంతా ఫ్యాను మీదే. కొత్త ఇంజిన్ కొంచెం పొడవుంటే ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య చోటు తగ్గుతుంది. దాంతో ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ తీసి పారేస్తారు. ఆ ష్రౌడ్ లేకపోతే ఫ్యాను రేడియేటర్ మొత్తం నుంచి గాలి లాగదు. తన ఎదురుగా ఉన్న గుండ్రటి ముక్క నుంచే లాగుతుంది. మూలలన్నీ వృథా.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. అనంతపురం, కడప పల్లెల్లో బోరు నీళ్లు ఉప్పదనం, సున్నం ఎక్కువగా ఉన్నవి. దారిలో వేడెక్కిందని పొలం బోరు దగ్గర ఆపి రెండు బిందెలు పోయడం అలవాటు. పాత రేడియేటర్ పై ట్యాంకు విప్పితే గొట్టాల మూతుల దగ్గర తెల్లగా, కాఫీ గిన్నె అడుగున పట్టినట్టు పెచ్చు కనిపిస్తుంది. పాత ఇంజిన్ ఇచ్చే వేడికి ఆ సగం మూసుకుపోయిన రేడియేటర్ ఎలాగో నెట్టుకొచ్చింది. ఎక్కువ హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ లోడు మీద ఎక్కువ వేడి ఇస్తుంది కాబట్టి మొదటి ఘాట్‌లోనే హెడ్ గాస్కెట్ పోతుంది. ఇంజిన్‌తో పాటు రేడియేటర్ కూడా మార్చాలి. అందులో కూలెంట్, డిస్టిల్డ్ వాటరే పోయాలి.

దుమ్ముకు, దాన్ని నూనెలో పట్టేసే పాత ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ మొరటుగా ఉన్నా గట్టిగా నిలబడింది. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే రెక్కల చక్రం) ఉన్న ఇంజిన్ లోపలికి లాగే గాలి ఎక్కువ. అందులో సన్నటి రాతి పొడి దూరితే టర్బో రెక్కల అంచులు అరిగిపోతాయి. యర్రగుంట్ల చుట్టూ నాపరాయి గనుల దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ గాలి తీసుకునే నోరు బానెట్ పైకి ఎత్తి పెట్టడం అందుకే అవసరం.

## పంపు డీజిలా, కంప్యూటర్ డీజిలా

పాత ఎక్స్‌డీపీ, డీఐ ఇంజిన్లకు డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే పంపు, నాజిళ్లు ఉంటే చాలు. ఒక్కసారి స్టార్ట్ అయ్యాక కరెంటుతో దాదాపు పని లేదు. ఏ మండలం టౌనులోనైనా పంపు సెట్టింగ్ చేసేవాళ్లు దొరుకుతారు. సీఆర్‌డీఈ ఇంజిన్ అలా కాదు. క్రాంక్ సెన్సర్, రైల్ ప్రెషర్ సెన్సర్, యాక్సిలేటర్ పెడల్ సెన్సర్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్, వీటిని కలిపే వైరింగ్ అంతా ఒకే బండి నుంచి పూర్తిగా తేవాలి. ఒక వైరు ఎలుక కొరికినా ఇంజిన్ మూగబోతుంది. డీజిల్‌లో నీళ్లు కలిస్తే పాత పంపు కొంత ఓర్చుకుంటుంది, కామన్ రైల్ ఇంజెక్టర్ ఓర్చుకోదు.

ఇంజిన్ మార్చడానికే నిశ్చయించుకుంటే, అడవి అంచుల్లో తిరిగే బండికి టర్బో ఉన్న డీఐ, ఎక్కువగా హైవే మీద తిరిగే బండికి సీఆర్‌డీఈ అని విడదీసుకోవడం మేలు. అదే కంపెనీ కుటుంబానికి చెందిన ఇంజిన్, గేర్‌బాక్స్ జంటగా తెచ్చుకుంటే స్పిగాట్ బేరింగ్ తలనొప్పి అసలు ఉండదు. పాత భాగాలతో అతికించాల్సిన చోటు గేర్‌బాక్స్ వెనక్కి జరుగుతుంది.

## గువ్వలచెరువు దిగుడు

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవాకు ఎంత పేరో, ప్రమాదాల వార్తలకూ అంత పేరు. ఎక్కేటప్పుడు కొత్త ఇంజిన్ ముచ్చటగా ఉంటుంది. దిగేటప్పుడు అదే బండిని ఆపాల్సింది ఎవరు?

సీజే-3బీ కి నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ బ్రేకులు. మాస్టర్ సిలిండర్ ఒక్కటే సర్క్యూట్. ఒక చోట పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. పాదం బలమే తప్ప బూస్టర్ లేదు. 60లో పోయే బండికీ 90లో పోయే బండికీ ఆపాల్సిన శక్తి రెండుంపావు రెట్లు తేడా. అంత శక్తీ డ్రమ్ములోనే వేడిగా మారాలి. పొడవాటి దిగుడులో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే లైనర్‌కూ దానికీ మధ్య దూరం పెరుగుతుంది. పెడల్ లోపలికి పోతుంది.

పెట్రోల్ నుంచి డీజిల్‌కు మారినవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. పెట్రోల్ ఇంజిన్‌లో యాక్సిలేటర్ వదిలేస్తే గాలి దారి మూసుకుపోయి ఇంజిన్ బండిని వెనక్కి పట్టుకుంటుంది. మామూలు డీజిల్‌లో ఆ మూత ఉండదు. సిలిండర్‌లో నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను తోస్తుంది. కాబట్టి అదే గేర్‌లో ఇంజిన్ పట్టు తక్కువగా తెలుస్తుంది. దానికి తోడు యాక్సిల్ నిష్పత్తి కూడా 4.27కు తగ్గించి ఉంటే పట్టు మరింత పోతుంది. ముందు చక్రాలకు డిస్కులు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, బూస్టర్. ఇంజిన్ పనికి ముందే ఈ మూడూ పూర్తికావాలి. తర్వాత చేయిద్దాంలే అన్న బ్రేకు పని చాలా బండ్లలో ఎప్పటికీ జరగదు.

## ఆర్‌సీలో ఏముందో, బానెట్ కింద అదే ఉండాలి

మోటారు వాహనాల చట్టం 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివి, తయారీదారు నిర్దేశించిన మూలరూపానికి విరుద్ధమైన మార్పులు కుదరవని తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సీఎన్‌జీ, ఎల్పీజీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి ఆమోదం పొందిన కిట్ ద్వారా మారడానికి చట్టంలో దారి ఉంది. పెట్రోల్ జీపులో థార్ ఇంజిన్ దించడం ఆ దారిలోకి రాదు.

అదే రకం, అదే మోడల్ ఇంజిన్‌తో మార్చుకోవడం వేరే సంగతి. బండి మూలరూపం మారదు, ఇంజిన్ నంబరు మారుతుంది. అప్పుడు కూడా కొన్న రసీదుతో రవాణా శాఖ దగ్గర ఆ నంబరు నమోదు చేయించుకోవాలి. ప్రైవేటు బండికి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకూ ఆర్‌సీ రెన్యూవల్ ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి నంబరు చూసేది అప్పుడే. ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 నంబర్లతో తిరిగే పాత జీపుల్లో చాలావాటికి ఆ గడువు ఇప్పటికే ఒకటి రెండుసార్లు దాటింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లోనూ ఇది ఉంటుంది. నమోదు కాని ఇంజిన్ ఉంటే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ప్రభుత్వ జీపు వేలంలో కొని బాగుచేద్దామనుకునేవారికి ఇంకో మార్పు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ కొనసాగదు. అవి గుర్తింపు పొందిన స్క్రాప్ కేంద్రానికే పోవాలి. కాబట్టి "ఆఫీసు జీపు, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్న మాట మీద కొంటే చేతిలో మిగిలేది విడిభాగాలే.

2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు మాత్రం వేరే తలుపు తెరిచాయి. 50 ఏళ్లు దాటిన బండి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉంటే వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, నంబరులో "వీఏ" అక్షరాలు. రోజువారీ వాడకానికి, వ్యాపారానికి ఆ బండి పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే.

ఈ నిబంధన వల్ల పాత సీజే-3బీ యజమాని ముందు రెండు దారులు వచ్చి నిలబడ్డాయి. 1975కు ముందు తయారై, హరికేన్ ఇంజిన్, టీ-90 గేర్‌బాక్స్ ఇంకా కదలకుండా ఉన్న బండి చేతికి చిక్కితే, దాని సిలిండర్లకు రీబోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్చి, రేడియేటర్ శుభ్రం చేయించి, బ్రేకులు బాగుచేయించి ఉన్నదున్నట్టు నిలబెట్టుకోవడమే తెలివైన పని. అలాంటివి ఇక తయారుకావు, ఒక్కసారి కోసిన చాసిస్ మళ్లీ అతకదు. తొంభైల నాటి కమాండర్, ఎంఎం 540 లాంటి డీజిల్ బండ్లకు ఆ వింటేజ్ దారి ఇంకా చాలా ఏళ్ల దూరంలో ఉంది. వాటి విషయంలో కూడా గేర్‌బాక్స్ తీయకముందే, చాసిస్ నంబరు, ఆర్‌సీ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసు మెట్లెక్కి, ఏ మార్పు నమోదవుతుందో, ఏది కాదో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవాలి.